చాటున దాచిన నీళ్లు

పియెద్రా ఆల్టా,
ఏప్రిల్ 18

తమ్ముడూ అన్సెల్మో,

నువ్వు కొండెక్కి పట్టుమని పది రోజులు కాలేదు, అప్పుడే ఉత్తరమేంటి అని నవ్వుకోకు. అడవి మంటలు కనిపెట్టే నీ కావలి గుడిసెకు సరుకులు మోసే కంచరగాడిదలు ఈ వారంలోనే బయల్దేరతాయని మీ ఆవిడ రాకెల్ చెప్పింది. వాటి వీపు మీద నీ బంగాళాదుంపలతో పాటు మీ అక్క గొప్పలు కూడా కాసిని ఎక్కుతాయి, భరించు.

పై పంపుల షెడ్డులో డీజిల్ ఇంజను ఉండేదే, అది పోయింది. లారీ మీదికి ఎక్కిస్తుంటే సగం ఊరు వచ్చి చూసింది. కొందరైతే ఫొటోలు కూడా దిగారు. ఇకమీదట వడపోత కేంద్రం పక్క బీడులో పరిచిన సోలార్ పలకలే మన పంపులు తిప్పుతాయి. ఎండ ఉన్నంతసేపూ నీళ్లు మీ లోమా వీధి పైనున్న టాంకుకు ఎక్కుతాయి. సాయంత్రం అందరూ పొయ్యిలూ ఏసీలూ వేసుకుని, కరెంటు ధర మండిపోయే వేళకు పంపులు ఆగిపోతాయి. అక్కణ్నుంచి తెల్లారేదాకా ఊరు టాంకులో ఉన్నదే వాడుకుంటుంది. ఆ టాంకే మన బ్యాటరీ అని నేను మూడేళ్లుగా చెవినిల్లు కట్టుకుని పోరిన మాట చివరికి నిజమైంది. నీళ్ల శాఖలో ఇంధనం పనులు చూసే మనిషంటే బల్బులు మార్చే మనిషి అనుకునేవాళ్లు ఇప్పుడు నాకు నమస్కారం పెడుతున్నారు.

పలకల కింద గడ్డికి యంత్రం కొనలేదు, గొర్రెలను తోలాం. వాటిలో ఒక పొట్టేలు పలకలో తన ముఖం చూసుకుని దాన్నే కుమ్మబోతుంది. దానికి ఓర్లాండో అని పేరు పెట్టాం. కౌన్సిలర్ ఓర్లాండో గారికి ఈ సంగతి ఇంకా తెలియదు. డీజిల్ ఇంజను పోయినందుకు ఆయన ఇప్పటికీ సంతాపంలో ఉన్నాడు.

సెలెస్టీనో మామ రిటైరయ్యాడు. గుండె ఆపరేషన్ తర్వాత వాళ్లావిడ ఇక పనికి పంపనంది. టాంకు చూసుకునే ఆయన కుర్చీలో ఇప్పుడు మనిషి లేడు, కంప్యూటరే. నేను రాసిచ్చిన హద్దుల్ని తు.చ. తప్పకుండా పాటిస్తుంది.

ఒక చిన్న విషయం ఉంది, అది తర్వాత రాస్తాను. కంగారు పడాల్సిందేం లేదు.

నీ అక్క,
యుఫీమియా


ఎల్ ఓసో శిఖరం, కావలి గుడిసె,
మే 3

అక్కా,

గాడిదలు క్షేమంగా చేరాయి. నీ గొప్పలు బంగాళాదుంపల కంటే తాజాగా ఉన్నాయి. పొట్టేలు సంగతి చదివి ఒక్కణ్నే పగలబడి నవ్వాను. ఇక్కడ నవ్వితే వినేందుకు కాకులు తప్ప ఎవరూ లేరు.

ఈసారి మంచు లేదు. మామూలుగా ఈ నెలలో గుడిసె వెనకాల తవ్వి తెచ్చుకుని కాఫీ కాచుకునేవాణ్ని. ఇప్పుడు అక్కడ దుమ్ము లేస్తోంది. పైన్ కొమ్మ విరిస్తే టప్పున విరుగుతోంది, లోపల పచ్చి అన్నది లేదు. అన్నేళ్లు మంటలార్పే దళంలో తిరిగాను కానీ మేలో ఇలాంటి అడవిని చూడలేదు.

నాకొకటి తెలియక అడుగుతాను. మంట రాకముందే పొగ వస్తుంది. ఒక్కోసారి రోజుల తరబడి ఉంటుంది. పొగ కింద సూర్యుడు రాగి బిళ్లలా ఉంటాడు. ఆ ఎండతో నీ పలకలకు కడుపు నిండుతుందా? గాలి ముదిరితే కరెంటు కంపెనీ వాళ్లు తీగలు ఆపేస్తారు, అది నీకూ తెలుసు. ఆ రెండూ ఒకేరోజు జరిగితే?

ఇంతకీ ఆ "చిన్న విషయం" ఏంటి? నాన్న జీపుని వాగులో దించినప్పుడు కూడా నువ్వు చిన్న విషయమనే మొదలుపెట్టావు.

నా చిట్టితల్లి ఇనేస్‌కు పన్ను ఊడిందట. నా బదులు నువ్వే పంటి దేవత పెట్టినట్టు దాని దిండు కింద ఏదన్నా పెట్టు.

అన్సెల్మో


పియెద్రా ఆల్టా,
మే 14

తమ్ముడూ,

నీ ప్రశ్నకు జవాబు: నిండదు. పక్క లోయలో ఎవరో ఎండుగడ్డి తగలబెడితే మొన్న ఆకాశం మసకేసింది, పంపులు సగం బలంతో ఈడ్చుకొచ్చాయి.

ఇక చిన్న విషయం. నువ్వు చదివి చింపెయ్యి.

టాంకు సాయంత్రానికి ఎంతవరకు దిగొచ్చో రాసింది నేనే. మూడో వంతు అని రాశాను. అంతకన్నా దిగబోతే తప్ప పంపులు ఖరీదైన కరెంటు ముట్టుకోవు. లోమా వీధికి మంట వస్తే ఫైరింజన్లకు మూడో వంతు సరిపోదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఎందుకు రాశానంటావు కదా?

సెలెస్టీనో మామ ఉన్నాడు కాబట్టి. ఆయన రాసినదాన్ని ఎన్నడూ పాటించలేదు. సగం అని రాస్తే ముప్పాతిక దగ్గరే ఆపి పంపులు వేసేవాడు. మూడో వంతు అంటే సగం దగ్గర ఆపేవాడు. ఎప్పుడూ కొంత చాటున దాచుకుంటేనే ఆయనకు నిద్రపట్టేది. ఆయన దాస్తాడని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఒక్కసారి మాత్రం బయటపడ్డాడు. "అంకె నీది ఫీమియా, టాంకు నాది" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. నీళ్ల శాఖలో మా అందరి సంసారం ఇలాగే సాగుతుంది. ఎదుటివాడు ఎంత దాస్తాడో లెక్కగట్టి, దాన్ని తీసేసి మన అంకె రాస్తాం.

ఇప్పుడు ఆయన లేడు. కంప్యూటరుకు దాచుకోవడం తెలియదు. మూడో వంతంటే మూడో వంతే. తెర మీద నీళ్లు అక్కడికి దిగడం మొదటిసారి చూసినప్పుడు వెంటనే షెడ్డుకు పరిగెత్తాను.

పైకి చెప్పాలా? చెబితే ఓర్లాండో ఊరుకుంటాడా? "చూశారా, ఎండని నమ్ముకుంటే ఇంతే" అని డీజిల్ ఇంజనుకు మేళతాళాలతో స్వాగతం చెబుతాడు. పలకలు పీకించే దాకా నిద్రపోడు. మూడేళ్ల పని గంగలో కలుస్తుంది. అంకె మార్చినా ఆయనకు తెలిసిపోతుంది, ప్రతి మార్పూ కౌన్సిల్ ముందుకు వెళ్తుంది.

అందుకని నేనే రోజూ సాయంత్రం షెడ్డుకెళ్లి, చేత్తో మీట నొక్కి పంపు వేసి, టాంకు సగం దాటాక ఇంటికొస్తున్నాను. అడిగినవాళ్లకు వాకింగ్ అంటున్నాను. అందరూ నేను చిక్కానంటున్నారు కూడా.

వానాకాలం వచ్చేదాకా ఇలా నెట్టుకొస్తే చాలు. ఎవరికీ చెప్పకు.

ఫీమియా


ఎల్ ఓసో శిఖరం,
మే 24

అక్కా,

ఉత్తరం అందింది. చింపి పొయ్యిలో వేశాను.

నువ్వు అనవసరంగా హైరానా పడుతున్నావు. రోజూ నువ్వే వెళ్లి చూసుకుంటుంటే ఇక భయమేముంది? నీ చెయ్యి పడితే అంతే. జూన్ దాటితే వానలు ఎలాగూ వస్తాయి. నిన్న పడమట ఒక మబ్బు కూడా కనిపించింది.

ఇక్కడ అంతా మామూలే. ఒక ఎలుగుబంటి తన పిల్లతో వచ్చి నా నీళ్ల డబ్బా బోర్లించి వెళ్లింది. రాకెల్‌కి కోళ్ల గురించి రాశాను, గూడు తలుపు బాగు చేయించమని.

ఒంట్లో జాగ్రత్త. వేళకు తిను.

అన్సెల్మో


పియెద్రా ఆల్టా,
జూన్ 5

అన్సెల్మో,

కోళ్ల గురించి రాశావా? బాగా రాశావు.

నిన్న షెడ్డు నుంచి దిగుతూ మీ ఇంటి దగ్గర ఆగాను. రాకెల్ ట్రక్కులో పెట్టెలు సర్దుతోంది. ఇనేస్ చలికోట్లు, మీ పెళ్లి ఫొటో, మీ అత్తగారి కుట్టుమిషను. కోళ్లని కూడా బుట్టలో కట్టింది.

"ఎక్కడికే?" అన్నాను.

"మా అక్క వాళ్లింటికి వదినా. ఓ నాలుగు రోజులు."

"నాలుగు రోజులకి చలికోట్లా? జూన్‌లోనా?"

రాకెల్‌కి అబద్ధం చేతకాదని నీకు తెలుసు కదా, పాపం దాన్నెందుకు ఈ పనికి పెట్టావు? ముఖం కందగడ్డలా చేసుకుని నిలబడింది. చివరికి, "అన్సెల్మో వెళ్లిపొమ్మన్నాడు వదినా. వానలు పడేదాకా రావద్దన్నాడు. నీకు మాత్రం చెప్పొద్దన్నాడు. నువ్వు బాధపడతావని..." అని ఏడ్చేసింది.

నాకేమో మబ్బులు, ఎలుగుబంట్లు. నీ పెళ్లానికి అసలు సంగతి. "నీ చెయ్యి పడితే అంతే" అని రాసిన చేత్తోనే ఆ ఉత్తరమూ రాశావు కదూ? అదే రోజు రాశావా, ముందు నాకు రాసి తర్వాత దానికి రాశావా? తెలుసుకోవాలని ఉంది. ఒళ్లు మండిపోతోంది నాకు.

కానీ అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి తగిలింది, విను. మేమలా నిలబడి ఉండగా పక్కింటి పెర్ఫెక్తా మామ్మ గేటు దగ్గరకొచ్చింది. పూలకుండీలకు నీళ్లు పోస్తూ, "ఏమ్మా, అందరూ ఎక్కడికో ప్రయాణం కట్టినట్టున్నారే?" అంది. "చుట్టాలింటికి మామ్మా" అన్నాను. నా నోటితో నేనే అన్నాను. ఆవిడ సంతోషంగా, "వెళ్లిరండి, మీ మొక్కలకి నేను నీళ్లు పోస్తాలే" అంది.

రాకెల్‌కి నువ్వున్నావు. నీకు నేను చెప్పాను. పెర్ఫెక్తా మామ్మకి ఎవరు చెప్పారు? ఆ వీధిలో మిగిలినవాళ్లకి ఎవరు చెప్పారు? నేను కొండెక్కే సాయంత్రం నా కాలు మడతపడితే ఎవరికి తెలుస్తుంది?

మంగళవారం కౌన్సిల్ సమావేశంలో ఉన్నదంతా చెప్పేస్తాను. పలకలు పీకిస్తే పీకించనీ. నీ సలహా నాకు అక్కర్లేదు.

యుఫీమియా


ఎల్ ఓసో శిఖరం,
జూన్ 12

అక్కా,

అదే రోజు రాశాను. ముందు రాకెల్‌కి.

నిన్ను నమ్మక కాదు అంటే నువ్వు నమ్మవు. నమ్మలేదు. నిన్ను కాదు, ఒక్క మనిషి సాయంత్రం నడక మీద నిలబడ్డ టాంకుని. ఆ మాట నీ ముఖాన రాయాల్సింది. రాస్తే నువ్వు పగలూ రాత్రీ ఆ షెడ్డులోనే ఒంటరిగా కూర్చుంటావని భయపడ్డాను. నీ సంగతి నాకు తెలియదా?

సెలెస్టీనో మామ దాచాడు, నువ్వు దాచావు, నేనూ నా వంతు దాచుకున్నాను. అందరం మన అనుకున్నవాళ్ల కోసమే చేశాం. తప్పయింది అక్కా.

సమావేశం ఈపాటికి అయిపోయి ఉంటుంది. ఏం జరిగిందో తెలియక గిలగిల్లాడుతున్నాను. తిట్టినా సరే, రాయి.

అన్సెల్మో


పియెద్రా ఆల్టా,
జూన్ 17

తమ్ముడూ,

పొద్దున నీ ఉత్తరం వచ్చింది. తిట్టే ఓపిక లేదు కాబట్టి జరిగింది రాస్తాను.

మొత్తం చెప్పాను. మూడో వంతు ఎందుకు రాశానో, సెలెస్టీనో మామ మీద ఎంత భారం వేశానో, వాకింగ్ పేరుతో ఏం చేస్తున్నానో అన్నీ. ఓర్లాండో లేచాడు. "నేను మొదట్నించీ మొత్తుకుంటూనే ఉన్నా! గొర్రెల్ని మేపుకోడానికి పెట్టిన పలకలవి! డీజిల్ ఉంటే ఈ బాధుండేదా?" అని బల్ల గుద్దాడు. వెనక ఎవరో "మే..." అని అరిచారు. పొట్టేలు సంగతి ఊరంతా తెలిసిపోయినట్టుంది.

అప్పుడు ఫైర్ చీఫ్ లోరీన్ మేస్తాస్ లేచింది. ఆవిడ తిడుతుందనే అనుకున్నాను.

"నీళ్ల శాఖ వాళ్లు సగం ఉందంటే నేను మూడో వంతే అనుకుంటా. ఎప్పుడూ అంతే. మీరు పెంచి చెప్తారని మా లెక్క" అంది.

"మేం తగ్గించి కదా చెప్పేది!" అన్నాను.

"నాకేం తెలుసు? పోయినేడు చెత్తకుప్పలంటుకున్నప్పుడు నీళ్లు చాలవనే మావాళ్లని ముందే వెనక్కి లాగేశా."

సెలెస్టీనో మామ చివరి బెంచీలోంచి, "ఆ రోజు టాంకు నిండుగా ఉందమ్మా" అన్నాడు. ఎవరికీ చెప్పకుండా నింపి పెట్టాడట. ఆయన దాచింది ఆవిడకు తెలియదు, ఆవిడ అంకెలోంచి కోసుకున్నది ఆయనకు తెలియదు. ముందు అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో టాంకులో నిజంగా ఎన్ని నీళ్లున్నాయో తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు, అన్సెల్మో.

చాలాసేపు అరుచుకున్నాక తేలిందిది. హద్దు సగానికి పెంచారు. గాలి హెచ్చరిక ఉన్న రోజుల్లో మూడింట రెండు వంతులు, ఆ రోజుల్లో సాయంత్రం ఖరీదైన కరెంటు వాడినా ఫర్వాలేదు. టాంకు తెర లోరీన్ ఫోన్లో కూడా పెట్టాం. ఎవరూ చాటున ఏదీ దాచకూడదు. పలకలు ఉంటాయి. డీజిల్ మాట ఒక్క ఓటుతో ఓడింది. ఆ ఒక్క ఓటూ నన్ను నిద్రపోనివ్వదు. ఓర్లాండో చెప్పినదాంట్లో ఎంతో కొంత నిజం ఉందేమోనని ఇప్పటికీ అనిపిస్తోంది.

రాకెల్ తిరిగొచ్చేసింది. "అందరికీ తెలిసిపోయాక నేనొక్కదాన్నే ఎందుకు పారిపోవాలి వదినా?" అంది. వద్దని నేను ఎంత చెప్పినా వినలేదు. నువ్వూ చెప్పి చూడు. గాలి మాత్రం ఆగడం లేదు.

ఫీమియా


పియెద్రా ఆల్టా,
జూన్ 28

తమ్ముడూ,

రాకెల్, ఇనేస్ క్షేమం అని నీకు రేడియోలో కబురు చేరిందని మీ ఆఫీసువాళ్లు చెప్పారు. ఇంటి సంగతి చెప్పొద్దని నేనే ఆపాను. అది నా నోటి నుంచే వినాలి.

నీ ఇల్లు పోయింది.

మధ్యాహ్నం దాటాక మంట ఎండు లోయలోంచి పైకెక్కింది. నువ్వన్న రెండూ ఒకేసారి జరిగాయి. పొగలో పలకలు చచ్చుబడ్డాయి, కంపెనీవాళ్లు కరెంటు ఆపేశారు. పంపులు ఆగిపోయాయి. ఇక టాంకులో ఉన్నదే నీళ్లు. గాలి హెచ్చరిక ఉంది కాబట్టి మూడింట రెండు వంతులున్నాయి.

వీధి అప్పటికే ఖాళీ అయింది. రాకెల్ ఇంటింటి తలుపూ కొట్టి, పెర్ఫెక్తా మామ్మని చేతుల మీద ఎత్తి ట్రక్కులో కూర్చోబెట్టింది. మామ్మ తన పూలకుండీలు కావాలని ఒకటే గోల.

లోరీన్ నా దగ్గరికి వచ్చింది. ముఖమంతా మసి. ఇంజన్లు అప్పటికే నీళ్లు తోడుతున్నాయి, తెర మీద అంకె దిగిపోతూ ఉంది.

"ఫీమియా, దాచకుండా చెప్పు. ఈ లెక్కన తోడితే ఎంతసేపు వస్తాయి? పైదాకా వెళ్లి నిలబడొచ్చా?"

పైన అంటే నీ ఇల్లు, దానికి ఎగువనున్నది. నాకు తెలుసు. నేను కాస్త పెంచి చెబితే ఆవిడ రెండు ఇంజన్లు పైకి పంపేది. ఒక్క మాట చాలు. నా నాలుక చివరిదాకా వచ్చింది, నీ దగ్గర దాచను. ఇనేస్ గది గోడకు మొన్నే పసుపురంగు వేశారు. అది కళ్ల ముందు మెదిలింది.

"పైదాకా రావు. కింది వీధికైతే సరిపోతాయి. అదీ బొటాబొటిగా" అన్నాను.

ఆవిడ ఇంకో మాట అడగలేదు. అంకెలోంచి ఏమీ కోసుకోలేదు. "ఐతే పై రెండిళ్లూ వదిలేస్తున్నాం. పెర్ఫెక్తా ఇంటి దగ్గర నిలబడండి!" అని రేడియోలో అరిచింది.

వాళ్లు నిలబడ్డారు. నీ ఇల్లు కాలుతుంటే ఆ వేడిలోనే పక్కిళ్ల గోడలు తడుపుతూ నిలబడ్డారు. గాలి తిరిగేసరికి టాంకు అడుగున చెమ్మ మిగిలిందంతే. కింది ఇళ్లన్నీ ఉన్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు.

డీజిల్ ఉంటే పై ఇళ్లు కూడా దక్కేవని ఓర్లాండో అంటున్నాడు. దక్కేవేమో, నాకు తెలియదు. ఆ ఇంజను కోసం మళ్లీ ఓటు పెడితే ఈసారి నేనే లేచి ఆయన పక్కన నిలబడతానేమో. లేక పొగలో కూడా నిలిచే నిజం బ్యాటరీలు అడుగుతానేమో. ఇప్పుడు బుర్ర పనిచేయడం లేదు.

రాకెల్ నా ఇంట్లోనే ఉంది. నాతో మామూలుగానే మాట్లాడుతోంది. అది ఇంకా కష్టంగా ఉంది. నీ ఇంటిని నేనే వదిలేయించాను, అన్సెల్మో. ఏదో ఒకటి రాయి. రాయాలనిపించకపోతే రాయకు.

అక్క


ఎల్ ఓసో శిఖరం,
జూలై 6

అక్కా,

నిన్న మొదటి వాన పడింది. రేకుల మీద ఆ చప్పుడు వింటూ నీ ఉత్తరం చదివాను. ఇంటి గురించి ఏడ్చాను. ఏడవలేదంటే మళ్లీ నీ దగ్గర దాచినట్టవుతుంది.

నేను దళంలో ఉన్నప్పుడు ఒకసారి ఒక ఊరి పై వీధికి పంపారు మమ్మల్ని. నీళ్లు దండిగా ఉన్నాయన్నారు. ఎవరో మంచి మనసుతోనే పెంచి చెప్పి ఉంటారు, పైన వాళ్ల ఇల్లేదన్నా ఉండి ఉంటుంది. మంట ఎదురుగా ఉండగా నీళ్లయిపోయి చేతిలో గొట్టం మెత్తబడిపోయింది. నేను పరిగెత్తాను. నా వెనకవాడు పరిగెత్తలేకపోయాడు. ఇది నీకెప్పుడూ చెప్పలేదు, రాకెల్‌కి కూడా. మన లోమా వీధిలో పైకి పంపబోయిన ఇంజన్ల మీద ఎవరి పిల్లలున్నారో నాకు తెలియదు. ఎవరికీ ఏమీ కాలేదని రాశావు. అది రెండుసార్లు చదివాను.

నీ మీద నాకు కోపం లేదు. ఉంటే రాసేవాణ్ని.

నాకు బదులు మనిషి దొరికాడు, వచ్చే గాడిదలతో పాటు దిగుతున్నాను. రాకెల్ అక్కడే మళ్లీ ఇల్లు కడదామంటోంది. పునాది చెక్కుచెదరలేదట. నేనింకా ఏమీ చెప్పలేదు. మేమిద్దరం అనుకున్నది ఒక్కటే, ముందు నిన్ను అడగాలని. ఆ పై స్థలం దాకా నీళ్లు నిలబడతాయా లేదా, తమ్ముడి ఇల్లని చూడకుండా చెప్పు. నువ్వు కట్టమంటే కడతాం. వద్దంటే ఆ స్థలాన్ని గొర్రెలకు వదిలేస్తాం.

అన్సెల్మో